గురి తప్పిన ఫీల్డ్ గోల్‌ని అందుకుని టచ్‌డౌన్ దాకా పరుగెత్తడం ఎలా?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఫీల్డ్ గోల్ కిక్ (మైదానం చివరనున్న పోల్స్ మధ్య నుంచి బంతిని పంపే కిక్) గురి తప్పగానే ఆ ప్లే అక్కడితో అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కిక్కర్ తల పట్టుకుంటాడు, టీవీ ముందు కూర్చున్నవాళ్లు కాఫీ కోసం లేస్తారు. కానీ బంతి పోల్స్ దాకా చేరకుండా ముందే పడిపోతుంటే, కింద ఒక ఆటగాడు కాచుకుని ఉండి దాన్ని గాల్లోనే అందుకుంటే, ప్లే ఇంకా నడుస్తున్నట్టే. అక్కడి నుంచి మైదానం అవతలి కొస దాకా పరుగెత్తగలిగితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు.

అమెరికాలో హైస్కూలు, కాలేజీ జట్లలో ఆడుతున్న మన పిల్లల కోసం, శుక్రవారం రాత్రుళ్లు వాళ్ల ఆట చూస్తూ రూల్స్ అంతుపట్టక ఇబ్బంది పడే తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. ఈ టచ్‌డౌన్‌లో సగం పని కిక్ కొట్టకముందే, నిర్ణయం తీసుకునే దగ్గరే అయిపోతుంది. నిర్ణయం తప్పైతే ఎంత వేగంగా పరుగెత్తినా జట్టుకి నష్టమే. అందుకే పరుగు గురించి తర్వాత చెబుతాను, ముందు రూల్స్‌తో మొదలుపెడదాం.

ముందు రూల్ బాగా తెలుసుకోండి

ఫీల్డ్ గోల్ కొట్టేటప్పుడు హోల్డర్ (కిక్కర్ కోసం బంతిని నేల మీద నిలబెట్టి పట్టుకునేవాడు) స్నాప్ గీతకి, అంటే బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టే చోటుకి, ఏడెనిమిది యార్డులు వెనక కూర్చుంటాడు. ముందున్న ఎండ్ జోన్ (గోల్ లైన్ దాటాక ఉండే, టచ్‌డౌన్ చేసే చోటు) లోతు పది యార్డులు, పోల్స్ ఆ ఎండ్ జోన్ వెనక గీత మీద ఉంటాయి. ఈ రెండూ కలుపుకుంటే 57 యార్డుల కిక్ అన్నప్పుడు బంతి సుమారు 40 యార్డుల గీత (గోల్ లైన్‌కి 40 యార్డుల దూరం) దగ్గర స్నాప్ అవుతోందని అర్థం. ఈ పదిహేడు యార్డుల లెక్క మనసులో పెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

కాలేజీ రూల్ ప్రకారం గురి తప్పిన కిక్‌ని డిఫెన్స్ (కిక్‌ని ఎదుర్కొనే జట్టు) వాళ్లు ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే, బంతి స్నాప్ అయిన చోటే వాళ్లకి దక్కుతుంది. స్నాప్ 20 యార్డుల గీతకి లోపల జరిగితే మాత్రం 20 దగ్గర ఇస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) చూసి కాలేజీ ఆటకి వచ్చినవాళ్లు ఇక్కడ కాస్త తికమక పడతారు. అక్కడ కిక్ కొట్టిన చోటు నుంచి ఇస్తారు కాబట్టి ఇంకో ఏడెనిమిది యార్డులు కలిసొస్తాయి.

ముట్టుకున్నారంటే లెక్క మొత్తం మారిపోతుంది. ఎండ్ జోన్‌లో బంతి అందుకుని మోకాలు ఆనించేస్తే టచ్‌బ్యాక్, అంటే 20 యార్డుల గీత. వదిలేసి ఉంటే 40 దగ్గర దొరికేది, పట్టుకున్నందుకు 20కి పడిపోయింది. చేతికి తగిలి జారిపోతే ఇంకా ఘోరం, ఆ బంతి అవతలి జట్టు కూడా తీసుకోవచ్చు. ఎండ్ జోన్‌లోనే వాళ్లు దాని మీద పడితే అది వాళ్ల టచ్‌డౌన్.

ఇంకొక్క రూల్. ఎవరూ తాకని కిక్ ఎండ్ జోన్‌లో నేలని తాకిన క్షణమే ప్లే అయిపోతుంది. పోల్‌కి గానీ క్రాస్‌బార్‌కి (పోల్స్ మధ్య అడ్డపట్టీకి) గానీ తగిలి గోల్ కాకపోయినా అంతే. కాబట్టి ఎండ్ జోన్ నుంచి పరుగు తీయాలంటే బంతిని గాల్లోనే అందుకోవాలి. ఒక్కసారి నేల మీద పడ్డాక ఎత్తుకుని పరుగెత్తితే రిఫరీ విజిల్ తప్ప ఏమీ రాదు.

హైస్కూల్లో ఆడుతుంటే ఈ విషయం కచ్చితంగా కోచ్‌ని అడగండి. చాలా రాష్ట్రాల హైస్కూలు రూల్స్‌లో కిక్ చేసిన బంతి గోల్ లైన్ దాటిందంటే అక్కడే ప్లే ఆగిపోతుంది, ఎండ్ జోన్ నుంచి రిటర్న్ అన్నదే లేదు. టెక్సాస్‌లో మాత్రం హైస్కూలు ఆట కూడా కొద్ది మార్పులతో కాలేజీ రూల్స్ మీదే నడుస్తుంది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చెప్పక్కర్లేదు. అక్కడి పిల్లలకి ఇది నేరుగా పనికొస్తుంది. వేరే రాష్ట్రం నుంచి మారి వచ్చిన పిల్లవాడికైతే ఇంకా ముందుగా చెప్పాలి.

గడియారం చూసి నిర్ణయించండి

ఇప్పుడు అసలు ప్రశ్న. బంతి పట్టుకోవాలా, వదిలేయాలా?

ఆటలో చాలా సమయం మిగిలి ఉంటే వదిలేయండి. దాదాపు ఎప్పుడూ అదే సరైన జవాబు. 57 యార్డుల కిక్ పొట్టిగా పడితే ఏమీ చేయకుండానే మీ జట్టుకి 40 యార్డుల గీత దొరుకుతుంది. అదే మీరు ఎండ్ జోన్ లోతులో పట్టుకుని పరుగెత్తి 25 దగ్గర పడిపోయారనుకోండి, చేతికొచ్చిన పదిహేను యార్డులు పోగొట్టినట్టు. 40 దాటితే గానీ లాభం మొదలుకాదు. ఎండ్ జోన్ చివర నుంచి 40 దాకా అంటే యాభై యార్డులు దొరక్కుండా పరుగెత్తాలి. అంత పరుగెత్తినా మీకు మిగిలేది ఒకటో రెండో యార్డులు.

సమయం అయిపోయే చివరి ప్లేలో మాత్రం ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. కిక్ గాల్లో ఉండగానే గడియారం సున్నాకి చేరుతుంటే ఆ 40 యార్డుల గీతతో మీకేం పని? దాన్ని వాడుకోవడానికి ఇంకో ప్లే లేదు. వదిలేస్తే దక్కేది ఏమీ లేనప్పుడు పరుగెత్తితే పోయేది కూడా దాదాపు ఏమీ ఉండదు. గడియారం నడుస్తుండగా మొదలైన ప్లే పూర్తయ్యేదాకా సాగుతుంది కాబట్టి, సున్నా పడ్డాక చేసిన టచ్‌డౌన్ కూడా చెల్లుతుంది. ఇలాంటి అవకాశం ఒక మ్యాచ్‌లో రెండుసార్లే వస్తుంది: మొదటి సగం ఆఖరి ప్లేలో ఒకసారి, మ్యాచ్ ఆఖరి ప్లేలో ఒకసారి. మొదటి సగం చివర ఈ అవకాశాన్ని చాలామంది కోచ్‌లు పట్టించుకోరు. ఆ ఆరు పాయింట్లకీ మ్యాచ్ చివరి ఆరు పాయింట్లకీ స్కోరుబోర్డు మీద తేడా ఉండదు కదా.

కిక్ దూరం కూడా చూసుకోవాలి. 35 యార్డుల కిక్ గురి తప్పితే పక్కకి పోతుందే తప్ప పొట్టిగా పడదు, పోల్స్ పక్క నుంచి జనంలోకి వెళ్లిపోతుంది. రిటర్న్ చేయడానికి దొరికేవి 55 దాటిన కిక్‌లు. ఎదురుగాలి ఉన్నా, బాగా చలిగా ఉన్నా ఇంకాస్త తక్కువ దూరానికే ఆశ పెట్టుకోవచ్చు. మ్యాచ్‌కి ముందు వార్మప్‌లో అవతలి కిక్కర్ ఏ దిక్కున ఎంత దూరం దాకా కొట్టగలుగుతున్నాడో ఎవరైనా ఒకరు నిలబడి చూసి రాసుకోవాలి. ఇది ఖర్చు లేని పని, అయినా ఎక్కువ జట్లు చేయవు.

చివరి ప్లే అయినా రెండు ప్రమాదాలు మిగిలే ఉంటాయి. ఒకటి ఫంబుల్, అంటే బంతి చేతిలోంచి జారిపోవడం. రెండోది సేఫ్టీ. ఎండ్ జోన్‌లో బంతి పట్టుకుని అక్కడే ఉండిపోతే ఏ నష్టమూ లేదు, టచ్‌బ్యాక్. కానీ ఒకసారి గోల్ లైన్ దాటి బయటికి వచ్చాక, ఎదురుగా జనం కనబడగానే మళ్లీ వెనక్కి ఎండ్ జోన్‌లోకి పరుగెత్తి అక్కడ దొరికిపోతే అవతలి జట్టుకి రెండు పాయింట్లు. స్కోరు సమానంగా ఉన్న మ్యాచ్‌లో ఆ రెండు పాయింట్లతోనే ఓడిపోతారు. కాబట్టి ఒక నియమం పెట్టుకోండి: గోల్ లైన్ దాటిన కాలు మళ్లీ వెనక్కి దాటకూడదు. దారి లేకపోతే ముందుకే పడిపోండి, ఓవర్‌టైమ్ ఆడదాం.

వెనక ఎవరిని నిలబెట్టాలి?

దీనికి 2013 నవంబరు 30న ఆబర్న్‌లోని జోర్డాన్-హేర్ స్టేడియంలో జరిగినదానికి మించిన పాఠం నాకు తెలియదు. అలబామా అప్పుడు దేశంలో మొదటి ర్యాంకు, ఆబర్న్ నాలుగు. స్కోరు 28-28. అలబామా ఆటగాడు టి.జె. యెల్డన్ బంతితో సైడ్‌లైన్ దాటేసరికి గడియారం సున్నా చూపించింది. కోచ్ నిక్ సేబన్ ఇంకా సమయం ఉందని పట్టుబట్టాడు, రివ్యూలో ఒక్క సెకను తిరిగి ఇచ్చారు. ఆ ఒక్క సెకనులో 57 యార్డుల కిక్ కొట్టడానికి ఆడమ్ గ్రిఫిత్ అనే కుర్ర కిక్కర్‌ని పంపాడు.

ఆబర్న్ మొదట వెనక నిలబెట్టింది ర్యాన్ స్మిత్‌ని. కోచ్ గస్ మల్జాన్ టైమవుట్ తీసుకున్నాడు. తిరిగి మైదానంలోకి వచ్చేటప్పుడు స్మిత్ స్థానంలో క్రిస్ డేవిస్ వెళ్లి నిలబడ్డాడు. డేవిస్ ఆ జట్టుకి పంట్ రిటర్నర్ (అవతలి జట్టు దూరంగా తన్నేసిన బంతిని అందుకుని పరుగెత్తేవాడు), గాల్లోంచి పడే బంతిని జనం మీదికి వస్తుండగా పట్టుకోవడం అతనికి వారం వారం చేసే పని. కిక్ పొట్టిగా పడింది. డేవిస్ ఎండ్ జోన్ చివర్లో పట్టుకుని ఎడమ సైడ్‌లైన్ వెంట అవతలి ఎండ్ జోన్ దాకా వెళ్లిపోయాడు. 34-28. దాన్ని జనం ‘కిక్ సిక్స్’ అని పిలుచుకుంటారు.

అందరూ ఆ పరుగునే మళ్లీ మళ్లీ చూస్తారు. నేను మాత్రం ఆ టైమవుట్‌నే చూడమంటాను. వెనక నిలబడేవాడు జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తేవాడు కానక్కర్లేదు. పంట్ రిటర్న్ అలవాటున్న చేతులు ఉండాలి, ఖాళీ కనిపెట్టే కళ్లు ఉండాలి. అలాంటివాడు జట్టులో ఒకడు కచ్చితంగా ఉంటాడు. మీ టైమవుట్ ఒకటి మిగిలి ఉంటే అతన్ని పంపడానికి వాడండి. కిక్కర్‌కి టెన్షన్ పెట్టడానికి అందరూ టైమవుట్ వాడతారు, ఆ నిమిషంలోనే పదకొండు మందికీ రిటర్న్ ఎటువైపో చెప్పేయొచ్చు.

ఎక్కడ నిలబడాలి, ఎలా పట్టుకోవాలి?

ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెబుతాను, ఎందుకంటే పరుగు బాగా చేసేవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు.

క్రాస్‌బార్‌కి సరిగ్గా కింద, వెనక గీతకి రెండు మూడు అడుగులు ముందు నిలబడండి. క్రాస్‌బార్ ఎత్తు పది అడుగులు. దాన్ని కొద్దిలో దాటలేకపోయిన బంతి మీ తలకి కాస్త పైన, చేతికందేంత ఎత్తులో వస్తుంది. ఇంకా పొట్టిగా వస్తే ముందుకు కదిలి పట్టుకోవచ్చు. ముందుకు పరుగెత్తుతూ పట్టుకోవడం తేలిక, వెనక్కి నడుస్తూ పట్టుకోవడం కష్టం. వెనక గీత ఎక్కడుందో కళ్లతో వెతుక్కోవడం ఇంకా కష్టం.

ఆ గీత మీద మీ మడమ పడిందంటే ప్లే అయిపోయింది. క్రికెట్‌లో బౌండరీ తాడు దగ్గర సిక్సర్ పోబోయే బంతిని అందుకునే ఫీల్డర్‌కి ఈ ఇబ్బంది బాగా తెలుసు. చిన్నప్పటి నుంచి క్రికెట్ ఆడిన మన పిల్లలకి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది, తల పైకెత్తి ఉండగానే కాళ్లు ఎక్కడున్నాయో వాళ్లకి తెలుస్తుంది. అందుకే కిక్‌కి ముందే ఒకసారి వెనక్కి అడుగులేసి గీతని మడమతో తాకి చూసి, అక్కడి నుంచి ముందుకి అడుగులు లెక్కపెట్టుకుని నిలబడండి. ఆ లెక్క కాళ్లకి గుర్తుంటుంది, మళ్లీ కిందికి చూడాల్సిన పని ఉండదు.

పంట్ బంతి మెలికలు తిరుగుతూ వస్తుంది. ఫీల్డ్ గోల్ బంతి అలా కాదు, రెండు కొసలూ ఒకదాని తర్వాత ఒకటి పల్టీలు కొడుతూ వస్తుంది. దూరం నుంచి కొట్టింది కాబట్టి చివర్లో ఊపు తగ్గి నిటారుగా దిగుతుంది. చేతులు చాచి వేళ్లతో అందుకుందామని చూస్తే బంతి కొస వేళ్లకి తగిలి జారుతుంది. మోచేతులు దగ్గరగా పెట్టి, అరచేతులు పైకి తిప్పి, రొమ్ముకి ఆనించుకుంటూ పట్టుకోండి. బంతి ఒంటికి తగిలాక ఒక క్షణం ఆగండి. ఎదుటివాళ్లు అప్పటికి ఇంకా దూరంలోనే ఉంటారు, మీకు తొందర అక్కర్లేదు. ఆ క్షణం ఓపిక లేక బంతి పట్టకముందే ముందుకి చూసేవాళ్లే ఎక్కువగా జారవిడుస్తారు.

బంతి పక్కకి పోతోందని, మీ చేతికి అందదని తోస్తే చేతులు దించేసి దూరంగా జరిగిపోండి. సగం మనసుతో చెయ్యి పెట్టడం కంటే వదిలేయడం ఎంతో నయం.

ముందున్న పదిమంది ఏం చేయాలి?

ఈ రిటర్న్ ఎందుకు పనిచేస్తుందో అర్థం కావాలంటే అవతలి జట్టు వైపు చూడాలి. ఫీల్డ్ గోల్ కొట్టేటప్పుడు వాళ్ల పనల్లా కిక్ బ్లాక్ కాకుండా గోడ కట్టడం. అందుకని ఆ వరుసలో ఉండేవాళ్లు దాదాపు అందరూ లైన్‌మన్‌లు, మూడు వందల పౌండ్ల మనుషులు. తోయడంలో దిట్టలు, కానీ మైదానం మధ్యలో పంట్ రిటర్నర్‌ని వెంటాడి పట్టుకోవడం వాళ్ల పని కాదు. పైగా బంతి గాల్లోకి లేచేదాకా వాళ్లు కదలకూడదు, కదిలితే కిక్ బ్లాక్ అవుతుంది. అంటే వాళ్లు ఆలస్యంగా మొదలవుతారు, నెమ్మదిగా వస్తారు, టాకిల్ చేయడం (పట్టుకుని పడేయడం) అలవాటు లేదు. జాగ్రత్త గల కోచ్ అయితే అంచుల్లో ఒకరిద్దరు వేగంగా పరుగెత్తేవాళ్లని పెడతాడు. మీ ప్లాన్‌లో ముందు ఆ ఇద్దర్నే గుర్తుపట్టండి.

మీ వైపు నుంచి మధ్యలో ముగ్గురు నలుగురు కిక్‌ని ఆపడానికి నిజంగానే ఎగరాలి. దూరపు కిక్‌లు తక్కువ ఎత్తులో లేస్తాయి కాబట్టి చెయ్యి తగిలే అవకాశం ఉంటుంది. అసలు ఆ ఒత్తిడి వల్లే కిక్ పొట్టిగా పడొచ్చు. మిగతావాళ్లు తమ ముందున్న లైన్‌మన్‌ని తగులుకుని ఒకటి రెండు క్షణాలు ఆలస్యం చేసి, తర్వాత వెనక్కి తిరిగి ముందే అనుకున్న సైడ్‌లైన్ వైపు పరుగెత్తాలి. అక్కడ 20 యార్డుల గీత నుంచి మైదానం సగం దాకా, ఐదేసి యార్డుల ఎడంతో, మైదానం లోపలి వైపు మొహం పెట్టి ఒక వరుసగా నిలబడాలి. రిటర్నర్ ఆ వరుసకీ సైడ్‌లైన్‌కీ మధ్య దారిలో వెళ్తాడు.

లోపలి వైపు మొహం పెట్టమన్నది ఊరికే కాదు. ఎదుటివాడు వీపు చూపిస్తుండగా తోస్తే ఫ్లాగ్ (తప్పు జరిగిందని అఫీషియల్ విసిరే గుడ్డ) పడుతుంది, టచ్‌డౌన్ పోతుంది. నడుము కింద బ్లాక్ చేసినా, చూడకుండా ఉన్నవాణ్ని పక్క నుంచి బలంగా గుద్దినా పదిహేను యార్డుల పెనాల్టీ. ఆఖరి ప్లేలో యార్డులు ముఖ్యం కాదు, ఆ ఆరు పాయింట్లు చెరిగిపోవడమే అసలు నష్టం. కాబట్టి పిల్లలకి నేర్పాల్సింది ఒక్కటే: వీపు కనిపిస్తే చేతులు ఎత్తేసి దారికి అడ్డంగా నిలబడండి, అంతకంటే ఏమీ చేయొద్దు. లైన్‌మన్ మీ చుట్టూ తిరిగి వచ్చేలోపు మీ రిటర్నర్ దాటిపోతాడు.

ఎటువైపు దారి వేయాలి? కాలేజీ మైదానంలో హాష్ గీతలు (ప్లే మొదలయ్యే చోటుకి రెండువైపులా హద్దు చూపే గుర్తులు) సైడ్‌లైన్‌కి అరవై అడుగుల దూరంలో ఉంటాయి, రెండింటి మధ్య నలభై అడుగులు. బంతి ఒక హాష్ మీద ఉంటే రెండోవైపు నూరు అడుగుల వెడల్పు ఖాళీగా ఉంటుంది. నా ఓటు ఆ వెడల్పు వైపుకే. లైన్‌మన్‌లు అంత దూరం అడ్డంగా పరుగెత్తాలి, వాళ్లకి చేతకానిది అదే.

ఇక పరుగు

బంతి చేతికొచ్చాక మొదటి పదిహేను ఇరవై యార్డులు నేరుగా మైదానం మధ్యలోకి పరుగెత్తండి. మొదటి అడుగు నుంచే సైడ్‌లైన్ వైపు పోతే అందరికీ మీ దారి తెలిసిపోతుంది, వాళ్లు తాపీగా అటు కోణం కట్టేస్తారు. మీరు మధ్యలోకి వస్తుంటే వాళ్లు కూడా మధ్యకి గుమిగూడతారు. అప్పుడు ఒక్కసారిగా వరుస ఉన్న వైపుకి మళ్లండి. ఆ మలుపు ఒక్కటే ఉండాలి. రెండోసారి అటూ ఇటూ తిరిగితే వెనకబడిపోయిన లైన్‌మన్‌లకి మీరే టైమ్ ఇచ్చినట్టు.

సైడ్‌లైన్ దగ్గరికి వచ్చాక బంతిని బయటి చేతిలోకి మార్చుకోండి, మైదానం లోపలి చెయ్యి ఖాళీగా ఉంచుకుంటే వచ్చేవాణ్ని నెట్టడానికి పనికొస్తుంది. గీతకి మరీ ఆనుకుని పరుగెత్తొద్దు. ఒక యార్డు జాగా వదలండి. గీత మీద కాలి బొటనవేలు పడినా రివ్యూలో దొరుకుతుంది.

చివరికి మిగిలేది ఇద్దరు, హోల్డరూ కిక్కరూ. హోల్డర్ చాలా జట్లలో పంటర్ కూడా, కాబట్టి టాకిల్ చేయడం అతనికి కాస్తో కూస్తో వచ్చి ఉంటుంది. ఇద్దరూ వెనకే ఉండిపోయి ఉంటారు. వరుసలో ముందున్న మీ మనుషులు ఈ ఇద్దర్ని అడ్డుకోవాలి. మీ ముందు బ్లాకర్ ఒకడు ఉంటే అతని వెనకే వెళ్లండి, అతన్ని దాటి ముందుకి పోవాలన్న తొందర వద్దు. ఎవరూ లేకపోతే అవతలి మనిషిని లోపలి వైపుకి లాగి బయటి వైపు నుంచి దాటేయండి.

ఆఖరి ప్లే అయితే ఇంకో దారీ ఉంది. దొరికిపోతున్నారనిపిస్తే పక్కనో వెనకనో ఉన్న మీవాడికి బంతిని వెనక్కి విసరొచ్చు, కాలేజీ రూల్స్‌లో అలా ఎన్నిసార్లయినా విసరొచ్చు. అయితే మీ సొంత ఎండ్ జోన్ దగ్గర ఈ పని వద్దు. స్కోరు సమానంగా ఉన్నప్పుడు అక్కడ బంతి జారితే మ్యాచ్ పోతుంది, ఓవర్‌టైమ్ అవకాశం కూడా పోతుంది.

కిక్ బ్లాక్ అయితే

బ్లాక్ అయిన కిక్ వేరే సంగతి, దాన్ని నేల మీద నుంచి కూడా ఎత్తుకుని పరుగెత్తొచ్చు. 2015 అక్టోబరు 24న అట్లాంటాలో జార్జియా టెక్, ఫ్లోరిడా స్టేట్ మ్యాచ్ 16-16 దగ్గర ఉంది. ఆఖరి ప్లేలో ఫ్లోరిడా స్టేట్ 56 యార్డుల కిక్ కొట్టింది. ప్యాట్రిక్ గ్యాంబుల్ చెయ్యి తగిలి బంతి కింద దొర్లింది. లాన్స్ ఆస్టిన్ దాన్ని ఎత్తుకుని 78 యార్డులు పరుగెత్తాడు. 22-16.

మామూలుగా ఇలాంటి బంతికి దూరంగా ఉండమని నేర్పుతారు. ఎందుకంటే మీరు ముట్టుకుని జారవిడిస్తే అవతలివాళ్లకి హక్కు వస్తుంది. ఆ నేర్పు తొంభై శాతం సందర్భాల్లో సరైనదే. అయితే సమయం సున్నా అయి, బంతి మీ వైపుకి బాగా దాటి వచ్చి, చుట్టూ అవతలి జట్టు మనుషులు లేరని స్పష్టంగా కనబడితే ఎత్తుకోండి. ఆస్టిన్ చుట్టూ ఆ ఖాళీ ఉంది. బంతి స్నాప్ గీత దాటకుండా వెనకే ఉంటే కిక్ కొట్టినవాళ్లు కూడా దాన్ని ఎత్తుకుని పరుగెత్తొచ్చు, అక్కడ మీరు తటపటాయించొద్దు, బంతి మీద పడిపోండి.

ప్రాక్టీసు

దీనికి వారంలో పది నిమిషాలు చాలు, కానీ ప్రతి వారం ఉండాలి. మ్యాచ్‌లో అవసరం వచ్చినప్పుడు ఎవరికీ కొత్తగా అనిపించకూడదు. మొదట రిటర్నర్ ఒక్కడే. మీ కిక్కర్‌ని 55, 60 యార్డుల దూరం నుంచి కొట్టమనండి, బంతులు సహజంగానే పొట్టిగా పడతాయి. వెనక గీత దగ్గర ఒక అసిస్టెంట్ కోచ్ నిలబడి కాలు గీత తొక్కిందో లేదో మాత్రమే చూడాలి. తర్వాత పదకొండు మందితో, టాకిల్స్ లేకుండా, వరుస కట్టడం ప్రాక్టీసు చేయండి. ఇక్కడ వేగం కంటే ముఖ్యం ఎవరు వరుసలో ఎక్కడ నిలబడాలో తడుముకోకుండా వెళ్లడం. ఎవరి పేరు ఎన్నో యార్డు దగ్గరో ముందే చెప్పి ఉంచండి.

కిక్ చేసే జట్టుగా కూడా ఇదే ప్రాక్టీసు అవసరం. లైన్‌మన్‌లకి కిక్ లేచాక విసనకర్రలా విచ్చుకుంటూ పరుగెత్తడం నేర్పకపోతే మీకూ ఇదే జరుగుతుంది. 2013లోనే ఆబర్న్ మ్యాచ్‌కి దాదాపు మూడు నెలల ముందు, సెప్టెంబరు 7న, ఎల్‌ఎస్‌యు ఆటగాడు ఒడెల్ బెక్‌హమ్ జూనియర్ యుఏబి జట్టు మీద ఇలాగే ఎండ్ జోన్ లోతు నుంచి అవతలి చివర దాకా పరుగెత్తాడు. అలాంటిది ఆ సీజన్‌లోనే జరిగి ఉండి కూడా, నవంబరులో దేశంలో మొదటి ర్యాంకు జట్టు మైదానంలో భారీ లైన్‌మన్‌లనే నిలబెట్టింది.

(రికార్డులు చూస్తే డేవిస్‌కీ బెక్‌హమ్‌కీ వంద యార్డులనే కనిపిస్తుంది. కాలేజీ లెక్కల్లో ఎండ్ జోన్ లోపలి యార్డులు కలపరు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కలుపుతారు, 2007లో అక్కడ ఇలాంటి పరుగుకే ఆంటోనియో క్రోమార్టీకి 109 యార్డులని రాసింది అందుకే.)

గోల్ లైన్ దగ్గర

బంతిని చేతిలో ఉంచుకునే గోల్ లైన్ దాటండి. 2014 నవంబరులో యూటా ఆటగాడు కేలిన్ క్లే ఆరెగన్ మీద పెద్ద పాస్ అందుకుని పరుగెత్తి, గీతకి కాస్త ముందే బంతిని వదిలేసి సంబరం మొదలుపెట్టాడు. ఆరెగన్ వాళ్లు ఆ బంతిని ఎత్తుకుని ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తి టచ్‌డౌన్ చేసుకున్నారు. గీత దాటకముందు వేలు చూపించడం, బంతిని ఎగతాళిగా ఊపడం లాంటివి చేసినా కాలేజీ రూల్స్‌లో టచ్‌డౌన్ రద్దు చేస్తారు.

దాటాక బంతిని పక్కనున్న అఫీషియల్ చేతికివ్వండి. సమయం అయిపోయి ఆ టచ్‌డౌన్‌తోనే గెలిచేస్తే అదనపు పాయింటు కిక్ కొట్టరు, ఆబర్న్‌దీ జార్జియా టెక్‌దీ స్కోరు ఆరు పాయింట్ల తేడాతోనే ఆగింది అందుకే. బెంచ్ మీద ఉన్నవాళ్లంతా అక్కడే ఉండాలని ముందే గట్టిగా చెప్పి ఉంచండి. కాలు గీత మీద పడిందా, మోకాలు నేలకి తగిలిందా, వెనకెక్కడైనా ఫ్లాగ్ పడిందా అన్నది రిఫరీ చెప్పేదాకా ఎవరూ మైదానంలోకి అడుగు పెట్టకూడదు.